పదిహేడో దెబ్బ

తలుపు లోపలికి తెరుచుకునేలా బిగించిన వడ్రంగి ఎవరో గానీ బుద్ధిమంతుడు. బయటికి తెరుచుకునే తలుపే అయితే ఈ కొండ మీద మనిషి నెలకి నాలుగుసార్లు సొంత గదిలోనే సమాధి అయ్యేవాడు. అతను గడియ తీసి తలుపు లాగాడు. గుమ్మం నిండా మంచు గోడ నిలబడి ఉంది. తలుపు చెక్కల సందులు, మధ్యలో గొళ్ళెం గుర్తు, అన్నీ దాని మీద అచ్చుపడి ఉన్నాయి. పైన జానెడు ఖాళీలోంచి తెల్లవారుతున్న వెలుతురు వచ్చింది. వెలుతురు కంటే ముందు గాలి వచ్చి అతని చెవులు పట్టుకుంది.

"వచ్చావా? రా," అన్నాడతను, ఇంటి మీదికి తగువుకొచ్చిన మనిషితో అన్నట్టు.

ముందు గిన్నె తెచ్చి గోడ పైభాగంలో శుభ్రంగా ఉన్న మంచు నింపి పొయ్యి మీద పెట్టాడు. టీకి నీళ్ళు అవే. తరవాత పార తీసుకుని గోడని పైనుంచి దిమ్మలు దిమ్మలుగా కోసి బయటికి విసరడం మొదలుపెట్టాడు. ఇరవై దిమ్మలకి మనిషి పట్టే దారి అయింది. మామూలుగా అయితే ఆ పనికి ఒళ్ళు వేడెక్కుతుంది. ఇవాళ వేడెక్కలేదు సరికదా, ఎడమ భుజంలో ఎవరో చెయ్యి వేసి నొక్కుతున్నట్టు బరువుగా ఉంది. రాత్రి ఆ వైపు ఒత్తిగిలి పడుకున్నందుకేలే అనుకున్నాడు.

అతనికి యాభైతొమ్మిది నిండాయి. పొట్టి మనిషి. మెడ కనపడదు, ఉన్నిటోపీ తిన్నగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. కుడి చెవి అంచు, ఎడమ చేతి చిటికెనవేలి కొస చాలా ఏళ్ళ కిందటే ఈ చలికి ఇచ్చేశాడు. మొహం మీద చర్మం మందంగా, నల్లగా, కళ్ళ చుట్టూ మాత్రం అద్దాల వల్ల తెల్లగా ఉంటుంది. అద్దాలు తీస్తే ఇంకెవరివో కళ్ళు తెచ్చి పెట్టుకున్నట్టు కనిపిస్తాడు.

ఇరవైమూడేళ్ళుగా చేస్తున్న పని చెప్పడానికి చాలా చిన్నది. కొండ పైన గని ఉంది, గని పక్కన పనివాళ్ళ ఇళ్ళున్నాయి. కొండ కింద ఊరుంది, ఊళ్ళో బజారు, ఆసుపత్రి ఉన్నాయి. రెండింటికీ మధ్య ఒకటే రోడ్డు. ఆ రోడ్డు ఒకచోట అరమైలు పొడుగున పెద్ద వాలు కిందుగా పోతుంది. ముందుకి ఉబ్బి ఉంటుంది కనక దాన్ని అందరూ 'పొట్ట' అంటారు. చలికాలమంతా పొట్ట మంచుతో నిండుతూ ఉంటుంది, ఎప్పుడో ఒకనాడు కక్కుతుంది. అది కక్కే వేళకి కింద ఎవరూ లేకుండా చూడటమే అతని ఉద్యోగం. పొట్టకి ఇవతల గేటు, గేటు పక్కన గది, గది ముందు స్తంభానికి గుండ్రటి రేకు పలక. పలకకి ఒకవైపు ఆకుపచ్చ, రెండోవైపు ఎరుపు. ఎరుపు మీద తెల్లరంగుతో 'ఆగు' అని రాసి ఉంటుంది. అందుకని గనివాళ్ళు అతన్ని 'ఆగు మామ' అంటారు. అసలు పేరు ఆఫీసువాళ్ళకి తెలుసు, వాళ్ళు కూడా కాగితం చూసుకునే చెబుతారు.

మంచు ఎంత ప్రశాంతంగా ఉందో అని మురిసిపోయేవాళ్ళంతా దాన్ని కిటికీ లోపల కూర్చుని చూసినవాళ్ళే. నాలుగేళ్ళ కిందట ఒక ఫొటోల మనిషి వచ్చి, రెండు రోజులుండి, పొట్టనీ వెనక శిఖరాలనీ అన్ని వైపుల నుంచీ తీసుకుపోయాడు. మరుసటి ఏడు అందులో ఒక బొమ్మ కేలండరు మీద వచ్చింది. ఎటు చూసినా తెలుపు, నట్టనడుమ నువ్వుగింజంత మనిషి, కింద 'ఏకాంతం, ఓర్పు' అని అందమైన అక్షరాలు. గని ఆఫీసు గోడ మీద దాన్ని చూపించి గుమాస్తా "ఎంత గొప్పవాడివయ్యా నువ్వు" అన్నాడు. ఆ నువ్వుగింజ నిజంగా ఆగు మామే. ఆ పూట మరుగుదొడ్డి తలుపుకి మంచు అడ్డం పడితే పార పట్టుకుని అటు పరుగెడుతున్నాడు. ఓర్పు అప్పటికే చాలావరకు అయిపోయింది.

టీ తాగి, నిన్నటి రొట్టె పొయ్యి మీద కాల్చుకుని తిన్నాడు. గది మూలన రేకు పెట్టె, దాని మీద తాడుతో కట్టిన పరుపు చుట్ట సిద్ధంగా ఉన్నాయి. ఇవాళ అతని ఆఖరి రోజు. కొత్త గేటు మనిషి కింద ఊళ్ళో సామాను సర్దుకుని కూర్చున్నాడు. మంచు తోసే బండి, అందరూ పారబండి అంటారు దాన్ని, గని దగ్గర్నుంచి పదింటికి వచ్చి, ఇతన్ని దింపి, అతన్ని ఎక్కించుకుని తిరిగొస్తుంది. కింద పెదనాన్న కొడుకు ఇంటి వెనక ఒక గది ఖాళీ చేసి ఉంచారు. అక్కడ తలుపు తీస్తే వీధి ఉంటుందట.

దిగిపోవడానికి అతనికి బాధేం లేదు. ఈ కొండకి అతనంటే ఎంత ప్రేమో అతనికి కొండంటే అంతే ప్రేమ. బాధంతా ఆ ప్రయాణం గురించే. పారబండిలో డ్రైవరు పక్కన ఒకటే సీటు ఉంటుంది. మోకాళ్ళు తగిలేలా కూర్చోవాలి, రెండున్నర గంటలు. ఆ డ్రైవరు పదకొండేళ్ళుగా అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

డ్రైవరు అతని చెల్లెలి మొగుడు. వరసకి ఒకరికొకరు బావలు, ఒకప్పుడు పిలుచుకునేవారు కూడా. చెల్లెలికి ఇతను అన్న మాత్రమే కాదు. తల్లి పోయాక వంకర పాపిడి తీసి జడలు వేసింది ఇతనే, బడికి దిగబెట్టింది ఇతనే, ఈ బండి డ్రైవరు మంచివాడని సంబంధం కుదిర్చిందీ ఇతనే. పదకొండేళ్ళ కిందట ఒక ఉదయం ఆమెకి కడుపులో నొప్పి వచ్చింది. డ్రైవరు ఆమెని దుప్పట్లో చుట్టి పారబండిలో పడుకోబెట్టుకుని గేటు దగ్గరికి తెచ్చాడు. పలక ఎర్రగా ఉంది. పలక ఎర్రగానే ఉంచాడు ఇతను. ఆమెని లోపలికి తెచ్చి ఈ మంచం మీదే పడుకోబెట్టారు. పదింటి నుంచి నాలుగింటి దాకా ఆమె గోడ వైపు తిరిగి మూలిగింది. నాలుగింటికి మూలగడం మానేసింది.

ఆ రోజు పొట్ట కక్కలేదు. మర్నాడూ కక్కలేదు. మూడో రోజు రాత్రి, కింద పిట్ట కూడా లేనప్పుడు, కక్కింది. ఆ రోజే కక్కి ఉంటే బాగుండేది. లేదా ఆ ఏడు అసలు కక్కకుండా ఉంటే ఇతనిదే తప్పని తేలిపోయేది, అదైనా నయం. రెండూ కాకుండా, కావాలని చేసినట్టు, మూడో రోజున కక్కింది.

అప్పట్నుంచి రోజూ పారబండి వచ్చి గేటు ముందు ఆగి రెండుసార్లు హారను కొడుతుంది. ఇతను కిటికీలోంచి పలక వైపు చెయ్యి చూపిస్తాడు. ఎరుపైతే బండి వెనక్కి తిరుగుతుంది, ఆకుపచ్చైతే ఇతను వెళ్ళి గేటు లేపుతాడు. బండి దాటిపోతున్నప్పుడు డ్రైవరు ఎడమవైపు చూడడు. గది ఎడమవైపున ఉంటుంది.

ఎనిమిదింటికి పార, కొలకర్ర తీసుకుని గది వెనక్కి వెళ్ళాడు. అక్కడ చిన్న వాలు ఒకటి ఉంది. పొట్ట ఏ దిక్కుకి తిరిగి ఉందో ఇదీ అటే తిరిగి ఉంటుంది. పొట్ట కడుపులో ఏముందో దీన్ని కోస్తే తెలుస్తుంది. రోజూ కొత్తచోట ఛాతీ లోతు గుంట తవ్వాలి. గుంట గోడలోంచి పార వెడల్పున ఒక దిమ్మని మూడు వైపులా కోసి విడదీయాలి. దాని మీద పార బోర్లించి పెట్టి, అరచేత్తో కొట్టాలి. మణికట్టు ఒక్కటే కదిలిస్తూ పది దెబ్బలు. తరవాత మోచేతి నుంచి పది. తరవాత భుజం నుంచి పది. దిమ్మలో ఎక్కడో ఒక పొర పంచదార పలుకుల్లా, ఒకదానికొకటి అంటకుండా ఉంటుంది. ఏదో ఒక దెబ్బకి ఆ పొర మీద నుంచి పై ముక్క ముందుకి జారుతుంది. ఎన్నో దెబ్బకి జారిందన్నదే లెక్క.

మణికట్టు పదిలో జారితే మూత, అందులో మాట్లాడటానికేం లేదు. భుజం దెబ్బల్లో జారినా, అసలు జారకపోయినా తెరవొచ్చు. మధ్యలో పదీ మోచేతివి. వాటిలో జారితే ఏం చెయ్యాలో నిబంధనల కాగితంలో లేదు. 'గేటు మనిషి విచక్షణ' అని ఉంది. ఆ మాట రాసినాయన వెచ్చటి గదిలో, చేతిలో కాఫీ కప్పుతో రాసి ఉంటాడు. విచక్షణ అంటే ఏమిటో ఆగు మామకి పదకొండేళ్ళుగా తెలుసు. అన్నం ముందు కూర్చున్నప్పుడు తెలుస్తుంది, మంచం గోడ వైపు ఒత్తిగిలినప్పుడు తెలుస్తుంది.

గుంట తవ్వడానికి ఇవాళ గంట పట్టింది. మధ్యలో రెండుసార్లు పారకి ఆనుకుని నిలబడ్డాడు. గాలి గుంటలోకి కూడా దిగి సన్నటి మంచుపొడి మెడ సందులో పోసింది. దిమ్మ కోసి, పార పెట్టి, కొట్టడం మొదలుపెట్టాడు. మణికట్టు పదీ అయ్యాయి, కదల్లేదు. మోచేతితో ఒకటి కొట్టాడు. రెండోది కొడుతూ ఉండగా దగ్గు వచ్చింది. ఒళ్ళంతా ఊగింది, చెయ్యి అనుకున్నదానికి రెండింతల బరువుతో పడింది. పై ముక్క జారి అతని కడుపుకి తగిలింది.

పన్నెండు.

దెబ్బ మీద అనుమానం ఉంటే పక్కనే రెండో దిమ్మ కోసి మళ్ళీ కొట్టాలి. అది కాగితంలో ఉన్న మాటే, అతని విచక్షణ కాదు. అతను రెండో దిమ్మ వైపు చూశాడు. చేతులు నొప్పిగా ఉన్నాయని తనకి తాను చెప్పుకున్నాడు. నిజమే, ఉన్నాయి. కానీ రెండో దిమ్మ కోయకపోవడానికి కారణం అది కాదు. మోచేతి రెండో దెబ్బకే జారితే అతను ఎప్పుడూ మూసేవాడు, కాబట్టి పన్నెండంటే పలక ఎరుపు. ఎరుపంటే ఇవాళ ఆ సీటులో కూర్చోనక్కర్లేదు. ఇరవైమూడేళ్ళలో మొదటిసారి అతను సొంత అవసరానికి ఒక అంకె ఉంచుకున్నాడు. గుంటలోంచి పైకెక్కి, చూసేవాళ్ళెవరూ లేకపోయినా తల వంచుకునే గదికి నడిచాడు. పలక ఎరుపుకి తిప్పాడు.

పదింటికి పారబండి వచ్చింది. రెండుసార్లు హారను మోగింది. ఇతను కిటికీ దగ్గర నిలబడి బండి వెనక్కి తిరగడం కోసం చూశాడు. తిరగలేదు. ఇంజను ఆగిపోయింది. బండి తలుపు తెరుచుకుని డ్రైవరు కిందికి దిగాడు. పొడుగాటి మనిషి, మోకాలి లోతు మంచులో కొంగలాగా కాళ్ళెత్తి వేసుకుంటూ వచ్చి గుమ్మం బయటే ఆగాడు. గడ్డం నెరిసింది. పదకొండేళ్ళుగా అద్దం వెనక నుంచి చూస్తున్న మొహం దగ్గర్నుంచి వేరేగా ఉంది.

"ఎన్ని?" అన్నాడు డ్రైవరు.

"పన్నెండు."

"అబద్ధం."

"చూసుకో వెళ్ళి. దిమ్మ అక్కడే పడుంది."

"పడిన దిమ్మ ఎన్నింటికి పడిందో చెబుతుందా? నా పక్కన కూర్చోవాల్సొస్తుందని ఎర్ర పలక పెట్టావు. నాకు మాత్రం సరదానా? ఇవాళ్టితో నీ మొహం చూడక్కర్లేదని వారం నుంచి రోజులు లెక్కపెట్టుకుంటున్నా. పెట్టె తీసుకుని ఎక్కు."

"పన్నెండు," అన్నాడు ఇతను మళ్ళీ.

డ్రైవరు గుమ్మం చెక్కకి చెయ్యి ఆనించాడు. చేతి తొడుగు మీద మంచు గాజుపెంకులా గడ్డకట్టి ఉంది. తరవాత, "ఆ రోజెన్ని?" అన్నాడు.

ఈ ప్రశ్న ఎప్పటికైనా వస్తుందని ఇతనికి తెలుసు. పదకొండేళ్ళలో దీనికి రకరకాల జవాబులు తయారుచేసుకున్నాడు. మంచం వైపు చూసి, వాటన్నిటినీ వదిలేశాడు.

"పంతొమ్మిది."

"పంతొమ్మిదా."

"పంతొమ్మిది. ఇంకో రెండు దెబ్బలు ఆగి ఉంటే భుజం లెక్కలోకి పోయేది. చెయ్యి కాస్త మెత్తగా పడి ఉన్నా పోయేది. రిజిస్టరులో రాశాను. ఎవరూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

డ్రైవరు మొహం మీదికి రక్తం పోటెత్తింది. "పంతొమ్మిదికి చంపావు దాన్ని."

"చంపానేమో. తెరిచి ఉంటే మీరిద్దరూ పోయేవాళ్ళేమో. నాకు తెలీదు. తెలిస్తే నీకు చెప్పేవాణ్ణి." ఆగి ఊపిరి తీసుకున్నాడు. తరవాతి మాట అనకూడదని పదకొండేళ్ళుగా అనుకుంటున్నదే, కానీ అనేశాడు. "గేటుకి తాళం లేదు. ఎప్పుడూ లేదు. పిన్ను లాగితే లేస్తుంది. ఆ పూట ఆరు గంటలున్నావు ఇక్కడ. నేను దాని పక్కన కూర్చుని కాళ్ళు రాస్తున్నా. నిన్ను పట్టుకున్నవాడెవడూ లేడు. ఎందుకు లాగలేదు నువ్వు?"

గాలి గది చుట్టూ తిరిగి రేకు పలకని టకటక కొట్టింది. డ్రైవరు పిడికిలి బిగించాడు. కొడతాడనుకున్నాడు ఇతను. కొడితే బాగుండుననిపించింది కూడా.

"తెలుసు," అన్నాడు డ్రైవరు.

"ఏం తెలుసు?"

"పిన్ను సంగతి. రెండుసార్లు వెళ్ళి పట్టుకున్నా. పైకి చూశా. భయమేసింది. చాలా? ఇదేగా వినాలనుంది నీకు?"

వినాలని లేదు. విన్న తరవాత ఏం చెయ్యాలో అసలే తెలియలేదు. ఈ మనిషి అసహ్యం తనకొక్కడికే చెందిందని పదకొండేళ్ళు భద్రంగా మోశాడు. ఇప్పుడు చూస్తే అందులో సగం ఆ మనిషి తన మీద తనే పెట్టుకున్నది. ఇతను చేతి తొడుగులు వేసుకుని, గోడకి ఆనించి ఉన్న పార అందుకున్నాడు.

"రా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఇందాకటి పన్నెండు తప్పు. దగ్గొచ్చి చెయ్యి గట్టిగా పడింది. రెండో దిమ్మ కొట్టాలి, కొట్టలేదు."

"మరి చెప్పలేదేం?"

"నీ బండెక్కడం ఇష్టంలేక."

డ్రైవరు ముక్కులోంచి ఒక శబ్దం చేశాడు. అది నవ్వు కాదు గానీ నవ్వుకి పక్కింటిది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు గది వెనక్కి నడిచారు. ఇన్నేళ్ళలో డ్రైవరు ఆ గుంట చూడటం అదే మొదలు. అంచు మీద గొంతుక్కూర్చుని లోపలికి చూశాడు. మంచు పొరలు గోడ మీద గీతలు గీతలుగా ఉన్నాయి. ఇతను పార కొసతో మధ్యలో ఒక గీతని గోకితే పలుకులు జలజలా రాలాయి.

"ఇదే," అన్నాడు. "అప్పుడూ ఇలాంటిదే."

దిమ్మ కోశాడు. ఎడమ చెయ్యి సరిగా పట్టడం లేదు, వేళ్ళ చివర తిమ్మిరిగా ఉంది. పార బోర్లించి, పైకి వినపడేలా లెక్కపెడుతూ కొట్టాడు. పది దాకా మణికట్టుతో. పదకొండు, పన్నెండు. పన్నెండు దాటినప్పుడు డ్రైవరు తల ఎత్తి అతని మొహం చూశాడు, మళ్ళీ దిమ్మని చూశాడు. పదమూడు. పద్నాలుగు. ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడాలని ఇతను పెదవి కొరుక్కుని కొడుతున్నాడు. పదిహేను, పదహారు. పదిహేడో దెబ్బకి పై ముక్క, ఎవరో వెనక నుంచి నెమ్మదిగా తోసినట్టు, తిన్నగా జారి గుంటలో పడింది.

డ్రైవరు గుంటలోకి వంగి దాన్ని చూశాడు.

"పదిహేడు," అన్నాడు ఇతను. "చూశావుగా. ఇప్పుడు చెప్పు. తెరవనా, ముయ్యనా?"

"నన్నడుగుతావేంటి? అది నీ పని."

"నా పని ఇవాళ్టితో అయిపోయింది. నిన్నే అడుగుతున్నా. బండి నీది, ప్రాణం నీది, పక్క సీట్లో ఉండేది నేను. చెప్పు."

అందులో కక్ష లేదని చెబితే అది అబద్ధమే అవుతుంది. పదకొండేళ్ళుగా తను ఒంటిచేత్తో పట్టుకున్న నిప్పు ఒక్క నిమిషం అవతలి చేతిలో పెట్టి చూడాలని ఇతనికి ఉంది. డ్రైవరు లేచి నిలబడ్డాడు. గేటుకి అవతల పొట్ట మబ్బుల్లోకి దాకా తెల్లగా, నున్నగా, ఏ పాపం ఎరగనట్టు ఉంది. దాన్ని చూశాడు. గేటుని చూశాడు. కొండ మీద అంత చలిలో అతని నుదుటి మీద చెమట కనిపించింది. ఎంతసేపు గడిచిందో గానీ గుంటలో పడిన దిమ్మ మీద అప్పటికే గాలి కొత్త పొడి చల్లేసింది.

"మూసే ఉంచు," అన్నాడు డ్రైవరు చివరికి.

ఇతను తల ఊపాడు.

డ్రైవరు బండి దాకా వెళ్ళి, మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరక్కుండానే మాట్లాడాడు. "రేపొస్తా. పెట్టె సర్దే ఉంచు." ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. బండి వెనక్కి తిరిగి గని వైపు ఎక్కిపోయింది. ఈసారి ఎడమవైపు చూశాడో లేదో అద్దం మీద మంచు వల్ల తెలియలేదు.

ఇతను గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. తను కాకుండా ఇంకో మనిషి, ఆమె మొగుడే, కళ్ళతో చూసి, 'మూసే ఉంచు' అన్నాడు. దానికి సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. కాస్త ఏడ్చాడు. ముక్కు చీది, పరుపు చుట్ట తాడు విప్పి మళ్ళీ పరిచాడు, రాత్రికి పడుకోవాలి కదా. ఇరవైమూడేళ్ళ వస్తువులన్నీ ఒక పెట్టెలో పట్టాయని ఉదయం సిగ్గుగా అనిపించింది, ఇప్పుడనిపించలేదు.

మధ్యాహ్నం మామూలు పనులు మామూలుగానే ఉన్నాయి. రోడ్డు అంచు తెలియడానికి పాతిన గడకర్రలు మంచులో కూరుకుపోయి ఉంటాయి. గని వైపు పన్నెండు కర్రల్ని ఒక్కొక్కటే పైకి లాగి మళ్ళీ పాతాలి. రేపు బండి వచ్చే దారి అదే. గాలి ఎదురు తిరిగింది. మంచుపొడి అద్దాల సందుల్లోంచి దూరి కళ్ళలో పొడుస్తోంది. ప్రతి అడుగునీ నేల పట్టుకుని, ఇవ్వనని పంతం పట్టి, చివరికి విసుక్కుంటూ వదులుతోంది. ఈ చోటుకి అతను వచ్చిన మొదటి రోజు ఎంత ఇష్టం లేదో ఆఖరి రోజుకి కూడా అంతే ఇష్టం లేదు. తొమ్మిదో కర్ర దగ్గర ఎడమ చెయ్యి పైకి లేవలేదు. కుడి చేత్తోనే లాగాడు. పదో కర్ర, పదకొండో కర్ర కూడా అలాగే పాతాడు. పన్నెండోది కాస్త వంకరగా వచ్చింది. దాన్ని సరిచెయ్యడానికి మళ్ళీ వెనక్కి నడిచాడు.

గదికి చేరేసరికి వెలుతురు నీలంగా మారుతోంది. పొయ్యిలో మూడు కట్టెలు పెట్టి, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. మేజోళ్ళ దాకా తడి. ఎడమ బూటు విప్పి, దాని పని చూసి, పక్కన పెట్టాడు. కుడిదాని నాడా ముడి మంచుకి రాయిలా బిగుసుకుపోయింది. గోటితో లాగితే రాలేదు. వంగితే ఛాతీలో బరువు పెరుగుతోంది. పొయ్యి వేడికి ముడి అదే వదులవుతుంది, కాసేపాగి విప్పుదాం అనుకుని గోడకి వీపు ఆనించాడు. పొయ్యిలో కట్టె ఒకటి చిటపటమంది. చెల్లెలికి జడ వేసేటప్పుడు రిబ్బను ముడి కూడా ఇలాగే పడేది, అది అరిచేది, అనుకున్నాడు.

ఆ కాసేపు ఎప్పటికీ అవలేదు.

మర్నాడు పదింటికి పారబండి వచ్చి గేటు ముందు ఆగింది. గది పొగగొట్టంలో పొగ లేదు. పలక ఎర్రగానే ఉంది. డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు. కాసేపాగి మూడోసారి కొట్టాడు. దిగి వచ్చి, గుమ్మానికి అడ్డంగా పేరుకున్న మంచుని కాళ్ళతో తన్ని, తలుపు తోశాడు. ఆగు మామ గోడకి ఆనుకుని, గడ్డం ఛాతీ మీద వాల్చి, ఆలోచించుకుంటున్నట్టు కూర్చుని ఉన్నాడు. మీసం మీద తెల్లగా గడ్డకట్టింది.

డ్రైవరు అతని ముందు చాలాసేపు నిలబడ్డాడు. తిట్టాడు కూడా, ఒకటి రెండు మాటలు, గట్టిగా. తరవాత పార తీసుకుని గది వెనక్కి వెళ్ళాడు.

గుంట తవ్వడం అతనికి చేతకాలేదు. ఒక గోడ కూలిపోయింది. ఇంకోచోట మళ్ళీ తవ్వాడు. దిమ్మ వంకరగా వచ్చింది, అయినా మూడు వైపులా విడిపోయింది. పార బోర్లించి మణికట్టుతో పది కొట్టాడు, ఒక్కొక్కటీ పైకి లెక్కపెడుతూ. మోచేతితో పది కొట్టాడు. పదిహేడు దగ్గర ఆగి, పార సరిగా బోర్లించి కొట్టాడు. పంతొమ్మిది దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాడు. ఇరవై దాటింది. భుజం నుంచి ఆరోదానికి ముక్క జారింది.

గదిలోకి వచ్చి మంచం మీది దుప్పటి తీశాడు. దాన్ని అతని చుట్టూ కప్పుతూ, "ఇరవయ్యారు, బావా," అన్నాడు. "నువ్వు కొట్టినంత బాగా కొట్టలేదు. తెరుస్తున్నా మరి."

పలక ఆకుపచ్చకి తిప్పి, పిన్ను లాగి గేటు లేపాడు. మనిషి అప్పటికే కూర్చున్న తీరులో బిగుసుకుపోయాడు కనక సీటులో కూర్చోబెట్టడం కష్టం కాలేదు. మలుపుల్లో పడిపోకుండా పరుపు తాడుతో కట్టాడు. పొట్ట కింద అరమైలూ డ్రైవరు పైకి చూడలేదు. బండి ఎంత నెమ్మదిగా పోవాలో అంత నెమ్మదిగా పోయింది. మోకాలికి మోకాలు తగులుతూనే ఉంది. రెండున్నర గంటల్లో ఎన్నో మాట్లాడాడు, అవి ఇద్దరి మధ్య విషయాలు. ఆసుపత్రి వాకిట్లో దింపుతుంటే గానీ ఆగు మామ ఎడమ కాలికి తడి మేజోడు తప్ప ఏమీ లేదని చూసుకోలేదు.

పైన గదిలో, చల్లారిన పొయ్యి పక్కన, ఎడమ కాలి బూటు మడమ గోడకి ఆనించి నిలబెట్టి ఉంది. తెల్లారేసరికి తడి పీల్చుకోవాలని లోపల పాత కాగితం ఉండచుట్టి కొస దాకా దోపి, వేసుకోవడానికి వీలుగా నాలుక బయటికి లాగి, నాడాలు రెండూ సగానికి వదులు చేసి ఉన్నాయి.